తారు రోడ్డు మీద థార్: టైరు ఎంపికలో అసలు లెక్కలు

హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు మీద కొన్ని థార్‌లు పక్కనుంచి దూసుకెళ్తుంటే ముందు వినబడేది ఇంజను కాదు, టైర్ల హోరు. బురదలో దిగబడకుండా ఉండటానికి తయారైన టైర్లు అవి. ఆ బండ్లలో చాలావాటికి బురద తగిలేది ఏడాదికి నాలుగైదు రోజులు. మిగతా రోజులన్నీ తారు, సిమెంటు, స్పీడ్ బ్రేకర్లు, ఇంటి ముందు ఎండ.

థార్, జిమ్నీ, గూర్ఖా, బొలెరో లాంటి బండ్లకు టైర్లు మార్చే సమయం వచ్చినప్పుడు అందరూ అడిగేది ఒకటే: హెచ్‌టీనా, ఏటీనా, ఎంటీనా? అంటే హైవే టెర్రైనా, ఆల్ టెర్రైనా, మడ్ టెర్రైనా అని. ప్రశ్న తప్పు కాదు గానీ మొదట అడగాల్సింది అది కాదు. సైజు, బరువు సూచిక, లోపలి గాలి, ఈ మూడూ తేలితే ట్రెడ్ (రోడ్డును తాకే గాళ్ల రబ్బరు పొర) సంగతి చాలావరకు దానంతటదే తేలిపోతుంది. అయినా షాపులో కంటికి ఆనేది ట్రెడ్డే కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

బటన్లు, వాటి మధ్య ఖాళీ

హెచ్‌టీ టైరులో రబ్బరు దిమ్మలు దగ్గర దగ్గరగా ఉంటాయి, మధ్యలో గాళ్లు సన్నగా టైరు చుట్టూ సాగుతాయి. కొత్తలో ట్రెడ్ లోతు 8, 9 మిల్లీమీటర్లు. ఏటీలో దిమ్మలు పెద్దవి, ఖాళీ ఎక్కువ, లోతు 10 నుంచి 12. ఎంటీలో ఈ దిమ్మలు, అంటే బటన్లు, విడివిడిగా నిలబడతాయి, లోతు తరచూ 14 దాటుతుంది.

లోతు ఎక్కువ కదా, ఎక్కువ కాలం వస్తుంది అనుకుంటే పప్పులో కాలేసినట్టే. తారు మీద చక్రం తిరిగిన ప్రతిసారీ ఎత్తయిన బటన్ ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఊగిన కొద్దీ వేడి, వేడెక్కిన కొద్దీ అరుగుదల. పైగా బటన్ ఒక అంచు ఎక్కువగా, రెండో అంచు తక్కువగా అరుగుతుంది. అరచేత్తో ట్రెడ్‌ను ఒక వైపు నిమిరితే నున్నగా, ఎదురు వైపు నిమిరితే రంపం పళ్లలా తగులుతుంటే ఆ అరుగుదల మొదలైనట్టే. కొత్తలో భరించగలిగిన మోత పది పదిహేను వేల కిలోమీటర్ల తర్వాత భరించలేనిదిగా మారడానికి కారణం ఇదే. చాలామంది దాన్ని వీల్ బేరింగ్ మోత అనుకుని మెకానిక్ దగ్గరికి పరుగెత్తుతారు.

తడి రోడ్డు దగ్గర కొంచెం చిక్కు ఉంది. లోతైన గాళ్లున్న ఎంటీ నీళ్లను బాగా తోసేస్తుంది కదా, మరి వానలో అది ప్రమాదమని ఎందుకంటారు? రెండూ నిజమే. రోడ్డు మీద నీళ్లు నిలిచి ఉంటే కొత్త ఎంటీ టైరు వాటిని పక్కకు నెట్టగలదు. కానీ మన వానల్లో ఎక్కువసార్లు ఎదురయ్యేది నిలిచిన నీళ్లు కాదు, తొలకరికి దుమ్ము, నూనె, తడి కలిసి ఏర్పడే పల్చని పొర. అక్కడ బ్రేకు పట్టాలంటే రోడ్డును తాకే రబ్బరు ఎక్కువ ఉండాలి, ఆ పొరను తెంపే సన్నటి చీలికలు దిమ్మల మీద ఉండాలి. చీలికలతో నిండినది హెచ్‌టీ, ఓ మోస్తరుగా ఉండేది ఏటీ. ఎంటీ బటన్ల మీద అవి అంతంతమాత్రం, తాకే రబ్బరే తక్కువ. యూరప్‌లో తడి రోడ్డు మీద పట్టు ఎంతో చెప్పే లేబుల్ కారు టైర్లన్నింటికీ ఉండాలి, కానీ పీఓఆర్ (ప్రొఫెషనల్ ఆఫ్-రోడ్) గుర్తు ఉన్న ఆఫ్-రోడ్ టైర్లను ఆ నిబంధన నుంచి మినహాయించారు. బురద టైరును తడి తారు మీద పరీక్షకు పెట్టడం దాని పని కాదని అక్కడి నియమమే ఒప్పుకున్నట్టు. మన దేశంలోనూ తడి పట్టు, దొర్లుడు నిరోధం, మోతలకు ఏఐఎస్-142 ప్రమాణాన్ని 2022లో నోటిఫై చేశారు.

ఇక్కడే మరో రకాన్ని పక్కన పెట్టేయాలి. రిసార్టుల్లో, పొలాల్లో తిరిగే ఏటీవీ (ఆల్ టెర్రైన్ వెహికల్) బండ్ల టైర్ల మీద సైజు 25x8-12 అని అంగుళాల్లో ఉంటుంది, చాలావాటి మీద ఎన్‌హెచ్‌ఎస్ అన్న మూడక్షరాలు కూడా ఉంటాయి. హైవే వాడకానికి కాదని దాని అర్థం. చాలా తక్కువ గాలితో, తక్కువ వేగంతో మెత్తటి నేల మీద నడవడానికి అల్లినవి అవి. తారు మీద కాసేపు నడిపితే వేడెక్కి బటన్ల మధ్య భాగం కరిగినట్టు అరిగిపోతుంది. అచ్యుతాపురంలో యొకొహామా గ్రూపు 2022లో తెరిచిన ఫ్యాక్టరీ చేసేది ఆఫ్-హైవే టైర్లే. ఆ పేరు చూసి అవి థార్‌కు పనికొస్తాయని పొరబడకూడదు, అవి ట్రాక్టర్లకూ పని యంత్రాలకూ వేసేవి.

సైడ్‌వాల్ మీద రాసి ఉన్నది

2020 అక్టోబరులో వచ్చిన థార్‌లో పై వేరియంట్‌కు 255/65 ఆర్18, కింది వేరియంట్‌కు 245/75 ఆర్16 టైర్లు ఇచ్చారు. ఇందులో మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది శాతం, ఆర్ పక్కది అంగుళాల్లో రిమ్ము వ్యాసం. వెడల్పును శాతంతో గుణిస్తే సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు వస్తుంది: మొదటిదానికి సుమారు 166 మిల్లీమీటర్లు, రెండోదానికి 184. రెండు సైడ్‌వాల్‌లు, రిమ్ము వ్యాసం కలిపితే మొత్తం టైరు వ్యాసం 789, 774. తేడా 15 మిల్లీమీటర్లే. కానీ చిన్న రిమ్ము టైరుకు పక్క గోడ 18 మిల్లీమీటర్లు ఎక్కువ. గుంతలో పడ్డప్పుడు రిమ్ము వంగకుండా కాపాడేది ఆ గోడే, గాలి తగ్గించినప్పుడు నేల మీద పరుచుకునేదీ ఆ గోడే. అందంగా లేదని 16 అంగుళాల రిమ్ములు తీసేసి 18 వేయించుకునేవాళ్లు తెలియకుండానే బండి ఆఫ్-రోడ్ శక్తిలో కొంత వదులుకుంటున్నారు. థార్ రాక్స్ పై వేరియంట్లలోని 255/60 ఆర్19 టైరుకు మొత్తం వ్యాసం అదే 789, గోడ మాత్రం 153కు తగ్గింది.

సైజు పక్కన 109ఎస్, 112టీ లాంటి అంకె-అక్షరం ఉంటాయి. అంకె బరువు సూచిక, అక్షరం వేగ సూచిక. 100 అంటే ఒక్కో టైరు 800 కిలోలు, 106 అంటే 950, 109 అంటే 1,030, 112 అంటే 1,120. క్యూ అంటే 160 కి.మీ., ఎస్ 180, టీ 190, హెచ్ 210. ఔటర్ మీద పరిమితి 120 కాబట్టి క్యూ కూడా చాలు. రాజీ పడకూడనిది బరువు సూచిక దగ్గర. డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ లేదా మాన్యువల్‌లో ఉన్న అంకె కంటే తక్కువది ఎంత చవకగా దొరికినా వద్దు.

ఇక ఎల్‌టీ. సైజు ముందు ఎల్‌టీ అని ఉంటే అది చిన్న ట్రక్కుల కోసం అల్లిన టైరు. లోపల పొరల బలాన్ని బట్టి సీ, డీ, ఈ అని తరగతులు. పాత లెక్కలో 6, 8, 10 ప్లై. ‘10 ప్లై అన్నా, బండరాయి ఎక్కినా ఏమీ కాదు’ అని షాపులో చెబుతారు. సైడ్‌వాల్ గట్టిదన్న మాట నిజమే. చెప్పనిది ఒకటుంది: ఎల్‌టీ టైరు అంతే బరువు మోయాలంటే ఎక్కువ గాలి కావాలి. 245/75 ఆర్16 మామూలు టైరు 109 సూచికతో 35 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర 1,030 కిలోలు మోస్తుంది. అదే సైజు ఎల్‌టీ టైరు 35 దగ్గర మోసేది సుమారు 770 కిలోలు, 45కు పెంచితే సుమారు 920. థార్ లాంటి బండికి ఒక్కో చక్రం మీద పడేది ఐదారు వందల కిలోల లోపే కాబట్టి 770 కూడా సరిపోతుంది, కానీ చేతిలో ఉన్న మిగులు తగ్గింది. ఆ మిగులు కోసం 45 కొట్టిస్తే తేలిక బండి టైరు నడిమి గీత మీదే నిలబడుతుంది. నడుం అరుగుతుంది, బ్రేకు దూరం పెరుగుతుంది, పొట్టి వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) బండి స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరెగిరి పడుతుంది. పైగా ఒక్కో టైరుకు ఐదు కిలోల దాకా అదనపు బరువు. అది స్ప్రింగుల కింద ఉండే బరువు కావడంతో రైడ్ మీద ప్రభావం ఇంకా ఎక్కువ. రాళ్ల బాటలు, క్వారీలు రోజూ తొక్కే బండికి ఎల్‌టీ కావాలి. సాఫ్ట్‌వేర్ ఆఫీసు పార్కింగులో ఉండే బండికి అది శిక్ష.

పెద్ద టైరు మోజు

థార్‌కు 17 అంగుళాల రిమ్ము పెట్టి 285/70 వేస్తే మొత్తం వ్యాసం 831 అవుతుంది, అంటే 5.3 శాతం పెరుగుదల. మీటరు మునుపు నిజం చెప్పిందనుకుంటే, ఇప్పుడు 100 చూపించినప్పుడు బండి 105 దాటి పోతుంటుంది. గేర్లు 5 శాతం పొడవైనట్టే, కాబట్టి ఘాట్ ఎక్కేటప్పుడు మూడో గేరులో లాగినది రెండోకి దిగుతుంది. చక్రాన్ని ఆపడానికి బ్రేకుకు అంతే మేరకు ఎక్కువ శక్తి కావాలి. చక్రం పూర్తిగా తిప్పినప్పుడు ఫెండర్ లైనరుకో, ఛాసిస్‌కో రాసుకోవచ్చు. ఇంత తంటాకు బండి పైకి లేచేది వ్యాసంలో తేడాకు సగం, 21 మిల్లీమీటర్లు. చూపుడు వేలి వెడల్పు కంటే కాస్త ఎక్కువ, అంతే.

జిమ్నీకి కంపెనీ ఇచ్చేది 195/80 ఆర్15, వ్యాసం 693. దీనికి 215/75 ఆర్15 వేస్తే 703.5, పెరుగుదల 1.5 శాతం. మీటరు, గేర్లు, ఏబీఎస్ ఏవీ ఇబ్బంది పడవు. 235/75 ఆర్15 వేస్తే 733.5, అంటే 5.8 శాతం. చిన్న ఇంజను ఉన్న ఆ తేలిక బండికి అది మోయలేని బరువు. మాకు తోచిన హద్దు రెండు శాతం. అది దాటితే ఒక టైరు నిర్ణయం నాలుగు మరమ్మతు నిర్ణయాలుగా మారుతుంది.

చట్టం సంగతీ ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా నిలబెట్టింది. ప్రమాదం జరిగాక ఇన్సూరెన్సు సర్వేయరు మొదట చూసేవాటిలో టైరు సైజు ఒకటి. అదే మోడల్‌లో వేరే వేరియంట్‌కు కంపెనీయే ఇచ్చిన సైజుకు వెళ్తే ఈ తలనొప్పి ఉండదు.

వెడల్పు గురించి ఒక అపోహ కూడా తొలగాలి. వెడల్పు టైరు ఎక్కువ రోడ్డును పట్టుకుంటుందని అనుకుంటారు. టైరు నేలను తాకే వైశాల్యాన్ని ప్రధానంగా నిర్ణయించేది మోసే బరువు, లోపలి గాలి. వెడల్పు మార్చేది దాని ఆకారాన్నే, పొడుగ్గా ఉన్న ముద్ర అడ్డంగా అవుతుంది. నీళ్లను చీల్చడానికి సన్న టైరే మేలు. జిమ్నీ 195 వెడల్పు చూసి నవ్వేవాళ్లు వానాకాలం హైవే మీద ఆ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

మన నేల ఎలాంటిది

తారు దిగాక ఏం తొక్కుతారన్నది ట్రెడ్‌ను నిర్ణయిస్తుంది, మన దగ్గర ఆ నేల జిల్లా జిల్లాకూ మారుతుంది. ఎర్ర చెలక, మొరం బాటలు ఎండాకాలమైనా వానాకాలమైనా గట్టిగానే ఉంటాయి, హెచ్‌టీ టైరు నిక్షేపంగా వెళ్తుంది. మారేడుమిల్లి, లంబసింగి వైపు అడవి బాటల్లో తడి ఆకులు, మట్టి, రాళ్లు కలిసి ఉంటాయి; అక్కడ ఏటీకి నిజమైన విలువ ఉంది. దిమ్మల అంచులు రాయిని పట్టుకుంటాయి, భుజం దగ్గరి బటన్లు గాడిలోంచి బయటికి ఎక్కిస్తాయి.

నల్లరేగడి కథ వేరు. ఆదిలాబాద్ పత్తి చేలైనా, కర్నూలు శనగ చేలైనా ఒక వాన పడితే ఆ మట్టి జిగురులా టైరుకు అంటుకుంటుంది. పది గజాలు పోయేసరికి ఏటీ గాళ్లన్నీ నిండిపోయి టైరు గుండు టైరులా తయారవుతుంది. అప్పుడు దాని మీద ఎన్ని బటన్లున్నా ఒకటే. ఎంటీ గెలిచేది ఈ ఒక్క చోటే. ఖాళీలు పెద్దవి కాబట్టి చక్రం వేగంగా తిరిగితే మట్టి ఎగిరిపోతుంది. చక్రం మెల్లగా తిరిగితే అదీ నిండుతుంది. దమ్ము చేసిన వరి పొలానికి ట్రాక్టరుకే కేజ్ వీల్స్ కడతారు, అక్కడికి ఏ టైరుతోనూ వెళ్లొద్దు.

సూర్యలంక, చీరాల వైపు సముద్రపు ఇసుకలో ఎంటీ నష్టమే చేస్తుంది. బటన్లు పారల్లా తవ్వి బండిని యాక్సిల్ దాకా దించుతాయి. ఇసుకలో కావలసింది తవ్వే టైరు కాదు, తేలే టైరు. తేలించేది గాలి తగ్గించడం.

గాలి సగం టైరు

32 నుంచి 16కు గాలి దించితే టైరు ముద్ర సిద్ధాంతం ప్రకారం రెట్టింపు కావాలి. సైడ్‌వాల్ బిరుసు వల్ల అంత రాదు గానీ ముద్ర పొడవు స్పష్టంగా పెరుగుతుంది, ఒత్తిడి పరుచుకుంటుంది. 18 పీఎస్ఐ దగ్గర ఉన్న మామూలు ఏటీ టైరు ఇసుకలోనూ రాళ్ల మీదా చేసే పని 32 దగ్గర ఉన్న ఎంటీ చేయలేదు. గతుకుల కంకర బాటకు 24 నుంచి 26, ఇసుకకు 15 నుంచి 18 చాలు. 15 కంటే దిగితే మలుపులో టైరు అంచు రిమ్ము నుంచి ఊడిపోయే ప్రమాదం మొదలవుతుంది. గాలి తగ్గించినంతసేపూ వేగం 30 లోపే ఉండాలి, తారు ఎక్కే ముందు మళ్లీ కొట్టాలి. అందుకే ఎంటీ టైర్లకు పెట్టే అదనపు ఖర్చులో కొంత ఒక మంచి గేజీకి, బ్యాటరీకి తగిలించే కంప్రెసరుకు పెట్టమంటాం. చిన్న కంప్రెసరు నాలుగు టైర్లను 16 నుంచి 32కు తేవడానికి అరగంట వరకు తీసుకుంటుంది, ఓపిక కావాలి.

తిరిగి గాలి కొట్టకుండా హైవే ఎక్కితే జరిగేది రెండు. ఒకటి వేడి. గాలి తక్కువైతే సైడ్‌వాల్ ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగుతుంది, మే నెల ఎండలో గంటన్నర నడిచాక ఆ వేడికి లోపలి పొరలు విడిపోతాయి. టైరు పేలింది అని మనం చదివే చాలా ప్రమాదాల వెనక ఉండేది మేకు కాదు, ఇదే. రెండోది నీటి మీద తేలడం. 1960లలో నాసా పరిశోధనల నుంచి వచ్చిన లెక్క ప్రకారం, ట్రెడ్ తోసేయలేనంత నీళ్లున్నప్పుడు టైరు నేల వదిలే వేగం గాలి ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. 32 పీఎస్ఐ దగ్గర అది గంటకు 94 కిలోమీటర్లు, 24 దగ్గర 82, 18 దగ్గర 71. ట్రెడ్ లోతు మిగిలి ఉంటే ఈ అంకెలు పెరుగుతాయి, కానీ గాలి దించిన టైరుతో వానలో హైవే ఎక్కకూడదని చెప్పడానికి ఇవి చాలు.

గాలి చూడాల్సింది టైరు చల్లగా ఉన్నప్పుడే. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పెరిగితే ఒత్తిడి ఒక పీఎస్ఐ పెరుగుతుంది. పొద్దున 25 డిగ్రీల్లో 32 కొట్టిన టైరు మధ్యాహ్నం 42 డిగ్రీల్లో నిలబడి ఉన్నా 35 చూపిస్తుంది, నడిస్తే ఇంకా ఎక్కువ. ఎక్కువైందని పంక్చర్ షాపులో వేడి మీద తీయిస్తే మర్నాడు పొద్దునకు తక్కువ గాలితో నడుస్తారు. నైట్రోజన్ గురించి అడిగేవాళ్లుంటారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, డబ్బు మిగుల్చుకోండి.

కొత్త సైజుకో, ఎల్‌టీకో మారినప్పుడు స్టిక్కర్ మీది అంకె సరిపోకపోవచ్చు. సరైన గాలి కనుక్కోవడానికి సుద్దముక్క చాలు. ట్రెడ్ మీద అడ్డంగా మందంగా గీత గీసి, చదునైన రోడ్డు మీద తిన్నగా రెండు వందల మీటర్లు నడపండి. గీత నడుమ మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లో మాత్రమే చెరిగితే తక్కువ. రెండేసి పీఎస్ఐ మారుస్తూ గీత సమంగా చెరిగేదాకా చూడాలి. బండిలో మామూలుగా ఎంత బరువు ఉంటుందో అంతే ఉంచి చేయాలి.

అయితే ఏది?

నూటికి తొంభై పైగా తారు మీదే నడిచే బండికి హెచ్‌టీ. దానికి పెద్దగా ఆలోచించక్కర్లేదు, ఆలోచించేది అందం గురించే. వారానికోసారి పొలానికో, నెలకోసారి ఏజెన్సీ ప్రాంతానికో వెళ్లే బండికి ఏటీ, అందులోనూ నడుమ దిమ్మలు దగ్గరగా, భుజాల దగ్గర ఖాళీగా ఉన్న రకం. నడుమ తారు కోసం, భుజాలు మట్టి కోసం. ఎంటీ కావాలంటే రెండో సెట్టు రిమ్ములతో సహా ఉంచుకుని వానాకాలం ట్రిప్పులకే వేసుకోవడం మేలు. ఏడాదికి ఏడెనిమిది వేల కిలోమీటర్లే నడిచే బండిలో ఎంటీ లోతైన ట్రెడ్‌కు ఇంకో నష్టం ఉంది: అది అరిగేలోపే రబ్బరు ముసలిదవుతుంది. ఎండలో నిలిచిన టైరుకు ఐదేళ్లు దాటాక సైడ్‌వాల్ మీద సన్న పగుళ్లు వచ్చాయేమో ఏటా చూడాలి, ట్రెడ్ ఎంత మిగిలినా పదేళ్లు దాటింది వాడకూడదు.

కొనేటప్పుడు సైడ్‌వాల్ మీద నాలుగంకెల తయారీ తేదీ చూడండి. 3524 అంటే 2024లో 35వ వారం. ఐదు టైర్లూ దగ్గర దగ్గర వారాలవి కావాలి. ఐఎస్ఐ గుర్తు ఉండాలి. 2020 జూన్ నుంచి దిగుమతి టైర్ల మీద ఆంక్షలున్నాయి, కాబట్టి విదేశీ బ్రాండు పాత స్టాకు అంటగడుతున్నారేమో ఈ తేదీయే చెబుతుంది.

నాలుగు కాదు, ఐదు అన్నది ఎందుకంటే థార్, జిమ్నీ లాంటి బండ్లలో ఫోర్ బై ఫోర్ వేస్తే ముందు, వెనక యాక్సిల్‌లు నేరుగా కలిసిపోతాయి, రెంటినీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ మధ్యలో ఉండదు. ముందు టైర్లకూ వెనక టైర్లకూ వ్యాసంలో తేడా ఉంటే ఆ తేడా గేరు పెట్టెలో మెలికగా పేరుకుంటుంది. పొడి తారు మీద ఫోర్ బై ఫోర్ వేసి మలుపు తిప్పినా ఇదే జరుగుతుంది, టైర్లు కీచుమంటూ ఈడ్చుకుపోతాయి. స్టెప్నీ వేరే సైజుదో, కొత్తదో అయితే దాన్ని వేసుకుని ఫోర్ బై ఫోర్ వాడకూడదు. అందుకే స్టెప్నీని కూడా కలిపి ఐదు టైర్లనూ వరస మార్చాలి: హెచ్‌టీకి పదివేల కిలోమీటర్లకు, ఏటీకీ ఎంటీకీ ఆరేడు వేలకు. బాణం గుర్తున్న టైర్లను మాత్రం ఒకే పక్కన ముందుకూ వెనక్కూ మార్చాలి. స్టెప్నీ వెనక తలుపుకు వేలాడేది కాబట్టి బరువైన టైరు వేశాక ఆ తలుపు బందుల బోల్టులు వదులయ్యాయేమో ప్రతి సర్వీసులో చూడమనాలి.

ఫిట్టింగు రోజునే బ్యాలెన్సింగు, అలైన్‌మెంటు చేయించండి. పెద్ద బటన్ల టైరుకు సీసం ముక్కలు ఎక్కువ పడతాయి. చాలా ఎక్కువ పడుతుంటే రిమ్ము మీద టైరును సగం చుట్టు తిప్పి మళ్లీ చూడమనండి, తరచూ తగ్గుతుంది. నట్లను గన్‌తో బిగించి వదిలేయకుండా మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు రెంచితో బిగించాలి. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు గట్టి బ్రేకులు, వేగం వద్దు, కొత్త రబ్బరు మీద అచ్చు నుంచి వచ్చిన నూనె పొర అరిగేదాకా పట్టు పూర్తిగా రాదు. వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు మరోసారి చూడండి, కొత్త అల్లాయ్ రిమ్ములైతే తప్పకుండా.